పదకొండు మందులతో బోధన్ దాకా

పుణ్యక్షేత్రాలకు వెళ్ళొచ్చినవాళ్ళు ఊళ్ళో ప్రసాదం పంచుతారు. నేను పోయిన చలికాలం నిజామాబాదు జిల్లాకు వెళ్ళొచ్చాను. అక్కడ నాకు దొరికింది పంచేది కాదు, చెప్పేది. చెప్పకపోతే నాకు నిద్రపట్టేట్టు లేదు కాబట్టి రాస్తున్నాను.

మాది తెనాలి. అచ్చాఫీసులో పదహారేళ్ళుగా కంపోజిటర్ని. అంటే గళ్ళపెట్టెలోంచి అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసలుగా పేర్చి, పేజీలు కట్టేవాణ్ణి. చురుకైన చెయ్యి అని పేరు. అలాంటివాడికి రెండేళ్ళ కిందట కడుపులో మెలితిప్పుడు మొదలైంది. తర్వాత మలబద్ధకం. తర్వాత తలనొప్పి, కీళ్ళ సలుపు, నోట్లో ఎప్పుడూ రాగి చెంచా నాకినట్టు ఒక దిక్కుమాలిన రుచి. మొహం పాలిపోయింది. నిద్ర లేదు, నిద్ర లేనందువల్ల చిరాకు, చిరాకువల్ల ఇంట్లో గొడవ. ఒకదానికి మందు వాడుతుంటే ఇంకోటి తలెత్తేది.

తిరగని వైద్యుడు లేడు. ఒకాయన నులిపురుగులన్నాడు. ఇంకొకాయన కడుపులో పుండన్నాడు, నెల రోజులు పాలూ రొట్టే తినిపించాడు. మూడో ఆయన నరాల బలహీనత, పెళ్ళి చేసుకోమన్నాడు. పెళ్ళయిందండీ అంటే, "అయితే అదే కారణం" అన్నాడు. హోమియో ఆయన కలలో పాములు కనిపిస్తాయా ఏనుగులు కనిపిస్తాయా అని అడిగి, నాకసలు నిద్రే పట్టదంటే నొచ్చుకున్నాడు. మా అత్తగారు దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. అందరిలోకీ ఆవిడ వైద్యమే చవక.

ఆ తర్వాత కుడిచేతి మణికట్టు వాలడం మొదలుపెట్టింది. వేళ్ళు తిమ్మిరి. చివరికి ముంజేతిమీద ఒక తెల్లమచ్చ. ఆ మచ్చ చూసి మా వీధి కాంపౌండరు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "పెద్దరోగమేమో, ఒకసారి చూపించుకోండి" అన్నాడు.

కుష్టు అన్నమాట. అక్కడితో నా నవ్వులాట ఆగిపోయింది. నాకు మూడేళ్ళ కూతురుంది, కుమారి. ఆ సాయంత్రం రోజూలాగే నాకు ఎదురు పరిగెత్తుకొచ్చింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆ తర్వాత ఐదు నెలలు దాన్ని ఎత్తుకోలేదు. పక్క వరండాలోకి మార్చుకున్నాను, కంచం వేరు చేసుకున్నాను. ఎందుకని మా ఆవిడ సుశీల అడిగితే దగ్గు అన్నాను. నాకు లేని జబ్బు అదొక్కటే.

డిచ్‌పల్లిలో ఆ రోగానికి మిషన్ వాళ్ళ పాత ఆస్పత్రి ఉందని విన్నాను. అదృష్టంకొద్దీ బోధన్ దగ్గర మా తోడల్లుడు సుబ్బారావు ఉన్నాడు. అక్కడ కాలవ కింద భూములు చవకని మా వైపునుంచి వెళ్ళి చెరకు వేసుకున్నవాళ్ళలో ఆయనొకడు. "మీ అక్కావాళ్ళను చూసొస్తాను" అని సుశీలతో చెప్పి రైలెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, పదకొండు మందులు.

చిన్నబండిలో

సికింద్రాబాదులో బండి మారాలి. ఆ మీటరుగేజి చిన్నబండి మనిషి పరిగెత్తితే అందుకునేంత వేగంగా పోతుంది. కామారెడ్డిలో ఒక ముసలావిడ గోనెసంచితో ఎక్కి, "జర జరుగు బిడ్డా" అని నా పక్కన చతికిలబడింది. కమ్మర్‌పల్లిలో పసుపు పండించే కాపుదనం వాళ్ళట. బిడ్డ ఇంటికి పోయి తిరిగి వస్తోంది. పసుపు రంగు ఆమె గోళ్ళలోంచి ఈ జన్మకు పోదు.

నేను మధ్యాహ్నం మోతాదు కోసం మందు బుడ్లు వరసగా బల్లమీద పెట్టాను. ఆమె వాటిని తీరిగ్గా లెక్కపెట్టింది.

"గివన్ని నువ్వే తాగుతవా? నేను దుకాణమోనివి అనుకున్న."

"నేనే తాగుతానమ్మా."

"తగ్గిందా?"

"లేదు."

"తగ్గకుంటె ఎందుకు తాగుతున్నవ్ మరి?"

నేను బుడ్లు తిరిగి సంచిలో సర్దసాగాను. ఆమె దగ్గరా ఒక మందు ఉంది. "పొద్దుగాల పరిగడుపున ఒక ముంత ఈత కల్లు తాగు. వారం దినాల్ల అన్ని పోతయ్. మా ముసలోడు గట్లనే తాగిండు."

"ఆయనకు తగ్గిందా?"

"యాడ తగ్గె? సచ్చిపోయిండు. గని సంబురంగ పోయిండు."

పెట్టె పెట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మూట విప్పి జొన్నరొట్టె తీసి సగం తుంచి, దానిమీద వెల్లుల్లి కారం అద్ది నాకు చాపింది. నేను చెయ్యి చాపబోయి ఆగి, ఒళ్ళో తువ్వాలు పరిచి "ఇందులో వెయ్యమ్మా" అన్నాను. ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగలకూడదని నా భయం. ఆమెకు అది వేరేగా తోచింది. మొహం ముడుచుకుంది.

"అంటు పాటిస్తవా? మా చెయ్యి తగిలితె మైలవడుతవా?"

ఎంత మాట! సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పలేను, చెప్తే పెట్టె ఖాళీ అవుతుంది. "అయ్యో, అదేం లేదమ్మా" అని చెయ్యి చాపి రొట్టె అందుకున్నాను. మా వైపు అన్నం లేనిది భోజనమే కాదు, రొట్టె తిన్నవాణ్ణి ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఆ కారం మాత్రం రెండేళ్ళుగా నా నోట్లో ఉన్న రాగి రుచిని కూడా ఒక్క క్షణం తరిమేసింది.

డిచ్‌పల్లి దగ్గర బండి ఆగిన కుదుపుకు నా సంచి కిందపడి, ఎర్రటి అరుకు బుడ్డి పగిలింది. చొక్కా, పంచె అంతా ఎరుపు. చూసుకునే తీరిక లేదు, బండి కదులుతోంది, దూకేశాను.

ఈక పరీక్ష

ఆస్పత్రి గేటు దగ్గర కాపలావాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఎవలు పొడిసిండ్రే?"

"ఎవరూ పొడవలేదు. అజీర్ణం మందు."

వాడు దగ్గరికొచ్చి వాసన చూసి గానీ నమ్మలేదు. నేను ఆ చోటును శ్మశానంలాగా ఊహించుకుని వెళ్ళాను. తీరా చూస్తే టమాటా మడులు, కోళ్ళు, బావి దగ్గర జోకులేసుకుంటున్న మగవాళ్ళు. వేళ్ళు సగమే ఉన్న ఒకాయన రంపంతో పలకలు కోస్తున్నాడు. నా పదివేళ్ళతో నేను అంత తిన్నగా కోయలేను.

పరీక్ష చేసింది సుగుణమ్మ అనే పెద్దావిడ. తెల్లచీర, మెడలో సిలువ. ఆవిడ కుడిచేతికి బొటనవేలూ, పక్కన ఇంకొక వేలు సగమూ ఉన్నాయి. ఆ రెంటి మధ్యే కోడి ఈక పట్టుకుంది. "పద్నాలుగేండ్లకు వచ్చిన నేను. నయమై ముప్పయ్యేండ్లాయె. పోబుద్ధి గాలె, ఈడనే పని జేస్తున్న" అని చెప్పింది నేను అడక్కుండానే. "కండ్లు మూసుకో తమ్మీ. ఈక యాడ తగిలితె ఆడ వేలు వెట్టు."

కళ్ళు మూసుకున్నాను. మోచేతి దగ్గర తగిలింది, పెట్టాను. అరచేతిలో తగిలింది, పెట్టాను. మచ్చమీద తగిలింది, పెట్టాను. తర్వాత చెవి వెనక సన్నగా ఏదో తగిలింది. వెంటనే వేలు పెట్టాను.

"నేను ముట్టలే."

నా ప్రాణం పోయింది. లేని స్పర్శ తగులుతోందంటే ఇంకేం మిగిలింది? "తగిలిందండీ, ఒట్టు" అన్నాను.

సుగుణమ్మ పగలబడి నవ్వింది. "తగలకేం, ఈగ వాలింది! ఈగ వాలితె గూడ తెలుస్తున్నోనికి మా రోగమేంది? ఆ మచ్చ సిబ్బెం. గంధకం రాస్తె పోతది. లే, పో."

డాక్టరుగారు కూడా వచ్చి మోచేతి దగ్గర నరాలు తడిమి, సూదితో గుచ్చి, నేను కెవ్వుమంటే సంతోషించాడు. "ఇది మా జబ్బు కాదు. చెయ్యి ఎందుకు వాలిందో మాత్రం నాకు తెలియదు" అన్నాడు. తెలియదు అన్న మొదటి వైద్యుడు ఆయనే. కాళ్ళమీద పడాలనిపించింది.

బయట సుగుణమ్మ చాయ్ పోసి ఇచ్చింది. ఆ సగం వేళ్ళ మధ్యనుంచి గ్లాసు అందుకోవడానికి నా చెయ్యి తటపటాయించింది. పావుగంట కిందట నేను కూడా ఈ మనిషి లాంటివాణ్ణేనని వణికానే, ఆవిడ నన్ను ముట్టుకుని ఊరడించిందే! నా మీద నాకే రోత పుట్టింది. అది ఆవిడ చూసింది, గ్లాసు అలాగే చాపి ఉంచింది. గ్లాసు తీసుకుని తాగాను, ఇంకొకటి అడిగి తాగాను.

నిజామాబాదు బజారు

పెద్దరోగం కాదన్న సంతోషంతో నిజామాబాదులో దిగి మొదట చేసిన పని తినడం. చాయ్‌ను సాసరులో పోసుకుని జుర్రడం ఇక్కడి మర్యాద. మా వైపు అలా తాగితే పెద్దలు మందలిస్తారు. హోటలు యజమాని ఉర్దూలో పలకరిస్తాడు, పక్క బల్లమీద బెల్లం బేరగాళ్ళు మరాఠీలో పోట్లాడుకుంటారు, తెచ్చిపెట్టేవాడు తెలుగులో తిడతాడు. అణాలు పోయి పైసలొచ్చినా ఎవరూ అణాలు మర్చిపోలేదు. రెండణాల చాయ్, నాలుగణాల మిర్చీలు, అంటే మిరపకాయ బజ్జీలు. ఆ మిర్చీలు మూడు తిని లేచానో లేదో, కడుపు మెలితిరిగి అక్కడే బల్ల పట్టుకుని కూలబడ్డాను.

అప్పుడు మళ్ళీ బుర్ర పనిచేసింది. అది కాదన్నారు సరే, మరి ఇదేమిటి? తెలియదంటే అంటుకోదని ఎవరు చెప్పారు? తిరుగు బండెక్కి ఇంటికి పోదామనుకున్నవాణ్ణి ఆగిపోయాను. దీని పేరు తెలిసేదాకా కుమారిని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్నాక కళ్ళనీళ్ళు తిరిగాయి. హోటలువాడు మిర్చి ఘాటనుకుని నీళ్ళు తెచ్చాడు.

చెరకు బళ్ళ వెనక

బోధన్‌లో దిగగానే ఊరికన్నా ముందు వాసన ఎదురొస్తుంది. పాకం, మడ్డి, పులిసిన చెరకు పిప్పి, అన్నీ కలిసిన వాసన. ఫ్యాక్టరీ గేటునుంచి చెరకు బళ్ళ వరస ఎంత దూరమో కంటికి ఆనలేదు. తూకం వంతు రావడానికి రాత్రీ పగలూ పడుతుందట. బండివాళ్ళు బళ్ళకిందే వండుకుంటున్నారు, పడుకుంటున్నారు. దారినపోయే ప్రతివాడూ బండిలోంచి ఒక గడ లాగుతున్నాడు. ఎవరూ అడగడం లేదు. ఆ వరసలోనే బండితో ఉన్న మా సుబ్బారావు అన్నయ్య కూడా తన బండిలోంచి పోయిన గడలకు బదులు ఎదుటి బండిలోంచి లాగి నా చేతిలో పెట్టాడు.

"ఇక్కడంతే తమ్ముడూ. లాగకపోతే గర్వం అనుకుంటారు" అన్నాడు.

ఆయన ఉండే క్యాంపు, అంటే వలసొచ్చినవాళ్ళ పేట, మా జిల్లా ముక్క తెచ్చి ఇక్కడ అతికించినట్టుంది. గోంగూర మడులు, వడియాలు, పెద్ద గొంతుల కబుర్లు. నేను చిక్కిపోయానని చూసి తలా ఒక వైద్యం చెప్పారు. అన్నయ్య మాత్రం, "రెండు రోజులు చెరకు నరుకు, జబ్బు నిన్ను చూసి పారిపోతుంది" అన్నాడు. కత్తి చేతికిచ్చాడు. రెండో గడ దగ్గరే మణికట్టు వాలి కత్తి జారి, ఆయన కాలి బొటనవేలికి వేలెడు దూరంలో దిగబడింది. ఆ తర్వాత ఆయన వైద్యం మానేశాడు.

క్యాంపులో కళాయి

మూడో రోజు పొద్దున ఖాజామియా వచ్చాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. అరవై దాటినవాడు. ఏటా చెరకు డబ్బులు చేతికందే వేళకు క్యాంపుల వెంట తిరుగుతాడట. చింతకింద గుంట తవ్వి, తిత్తి బిగించి, నిప్పు రాజేశాడు. గిన్నె కాలగానే నవాసాగరం చల్లి, తెల్లటి పొగ లేస్తుండగా తగరం ముక్క రాసి దూదితో ఒక్క చుట్టు తిప్పుతాడు, లోపలంతా వెన్నెల. చేతిపనివాణ్ణి కదా, పని తెలిసిన చెయ్యి కనిపిస్తే నాకు కదలబుద్ధి కాదు. ఎదురుగా కూర్చున్నాను.

మా వదినగారు గంగాళం తెచ్చి బేరం మొదలుపెట్టింది. "మా ఊళ్ళో ఇందులో సగానికే వేస్తారు."

"అయితె మీ ఊర్లెనే ఏపిచ్చుకో అమ్మా. రైలు కిరాయి నేనిస్త" అన్నాడు ఖాజామియా.

నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. అతను నా వైపు చూశాడు. చూసి, పట్టకారు కింద పెట్టాడు.

"ఏదీ, మల్ల నవ్వు భయ్యా."

"ఏమైంది?"

"నోరు తెరువ్. పెదిమె పైకి వట్టు." దగ్గరికొచ్చి వంగి చూశాడు. "చిగుర్లకు నల్లగీత ఉన్నది. కడుపుల మెలివెడ్తదా? దొడ్డికి రాదా?"

నేను నోరు తెరిచే తల ఊపాను.

"చెయ్యి గిట్ల వాల్తదా?" అని తన మణికట్టు వేలాడేసి చూపించాడు. అచ్చం నాదే.

"నువ్వేం పని జేస్తవ్?"

"అచ్చాఫీసులో అక్షరాలు పేరుస్తాను."

"అక్షరాలు దేనితోని జేస్తరు?"

"సీసంతో."

"నోట్ల వెట్టుకుంటవా?"

పెట్టుకోకుండా ఎలా? ప్రూఫు దిద్దేటప్పుడు ఎడమచేతిలో వరస పేర్చిన చట్రం ఉంటుంది, కుడిచేతిలో ముల్లు ఉంటుంది. పీకిన అక్షరం పెట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు, పెదాల మధ్యే పెట్టుకుంటాం. మా ఫోర్‌మన్ రత్తయ్యగారు పని నేర్పిన మొదటి రోజే ఇది నేర్పాడు. ఐదక్షరాలు పళ్ళమధ్య పట్టుకుని మాట్లాడగలిగితే గానీ మాలో పనిమంతుడు కాదు. ఆ చేతులతోనే గళ్ళపెట్టె పక్కన మరమరాలు తింటాం. ఇదంతా గొప్పగా చెప్పుకుంటూ పోయి, సగంలో ఆగి నా వేళ్ళవైపు చూసుకున్నాను.

"మా ఉస్తాద్ తగరంల సీసం కలిపెటోడు, చవకని" అన్నాడు ఖాజామియా. "పొగ పీల్చిండు, గవే చేతులతోని తిన్నడు. గిదే నల్లగీత, గిదే కడుపునొప్పి. ఎంతమంది హకీములకు చూపిచ్చినమో! ఒక్క హకీమన్న నీ పని ఏంది అని అడగలే. ఆఖరికి చెయ్యి వాలింది, పట్టకారు జారింది. ఆయన పోయినంక నేను సీసం ముట్టలే. జాస్తి పైసలైనా ఖరా తగరమే ఏస్త. అమ్మకు చెప్పు, అందుకే నా రేటు ఎక్కువ."

వదినగారు అడిగిన రేటు ఇచ్చేసింది. ఆవిడ బేరం లేకుండా డబ్బివ్వడం చరిత్రలో మొదటిసారని అన్నయ్య అన్నాడు.

ఒక్క పేరు

మర్నాడు నిజామాబాదు తిరిగొచ్చి ఒక కుర్ర డాక్టరును చూశాను. నేను బాధలేవీ చెప్పలేదు. పెదవి ఎత్తి పట్టుకుని, "సీసంతో పనండీ" అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ వెలుతురులోకి లాక్కుపోయాడు. పుస్తకం తీసి ఒక్కొక్కటే చదువుతూ ఉంటే నేను ఒక్కొక్కదానికీ "ఉందండీ" అంటూ వచ్చాను, పెళ్ళిలో చదివింపులకు పలికినట్టు. పదకొండు మందుల జబ్బులూ ఒకే పేజీలో, సీసవిషం అన్న ఒకే పేరు కింద ఉన్నాయి. పుస్తకంలో తప్ప ఎక్కడా చూడని జబ్బు ఎదురుగా నిలబడిందని ఆయనకు ఎంత ఆనందమో!

"ఆరు నెలలు అక్షరం ముట్టొద్దు. చెయ్యి మెల్లగ వస్తది. మొత్తం వస్తదని మాటియ్యను, చాలమటుకు వస్తది" అన్నాడు.

"నాకు చిన్నపాప ఉందండీ. అంటుతుందా?" అని అడిగాను.

"ఇది అంటు రోగం కాదు. కాని నీ చేతుల దుమ్ము, అంగీ దుమ్ము పాప నోట్లకు పోతె మంచిది కాదు. ఇన్నాళ్ళు దూరం పెట్టుడు ఒక లెక్కన మంచిదే అయింది. సబ్బుతోని కడుక్కో, ఉతికిన బట్టలు కట్టుకో, ఎత్తుకో."

ఆ మాట నాకు రాసివ్వమన్నాను. ఆయన నవ్వి, చీటీమీద నిజంగానే రాసిచ్చాడు. మిగిలిన పది మందులూ ఆయన బల్లకిందే వదిలేసి వచ్చాను.

తెనాలి

రైలు దిగి ఇంటికి పోయే దారిలోనే అచ్చాఫీసు. లోపలికి పోయి అందర్నీ నోళ్ళు తెరవమన్నాను. పిచ్చెక్కిందనుకున్నారు. యజమానిగారి గదిలో అద్దం తెచ్చి ఒక్కొక్కరికే చూపించాను. ఎనిమిదిమందిలో ఐదుగురికి నల్లగీత. రత్తయ్యగారు అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. పళ్ళమధ్య ఉన్న మూడక్షరాలూ తీసి గళ్ళలో వేసి, దొడ్లోకి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ రాలేదు. యజమానిగారు నన్ను అక్షరాలు ముట్టక్కర్లేకుండా కాగితంమీద ప్రూఫులు చదివే కుర్చీలోకి మార్చారు, బావి దగ్గర సబ్బూ, గళ్ళపెట్టెల పక్కన చిన్న గిన్నెలూ పెట్టించారు. దిద్దేటప్పుడు పీకిన అక్షరాలు ఇప్పుడు ఆ గిన్నెల్లోకి పోతున్నాయి.

ఇంటికెళ్ళి నూతి దగ్గర తలారా స్నానం చేసి, సుశీలకు మొత్తం చెప్పేశాను. డిచ్‌పల్లి పేరు వినగానే చేతిలో చెంబు కింద పెట్టేసింది. "ఐదు నెలలు మీరొక్కరే మోశారా? నేనెందుకున్నానండీ మరి?" అని ఏడ్చింది, ఏడుస్తూనే తడి తువ్వాలుతో వీపుమీద ఒక్కటిచ్చింది. నేను పడాల్సిందే.

కుమారి గడపమీద కూర్చుని చూస్తోంది. దగ్గరికి పోయి చేతులు చాపాను. లేచి వచ్చింది. ఎత్తబోతే కుడిచెయ్యి నిలవలేదు, వాలిపోయింది. మూడేళ్ళ పిల్ల బరువు నాకు ఆగలేదు. ఏం చెయ్యను, ఆ గడపమీదే కూర్చుండిపోయాను. అదే నా మోకాలు పట్టుకుని ఒళ్ళోకెక్కింది, చొక్కా గుండీలతో కాసేపు ఆడింది, నిద్రపోయింది.

సుశీల భోజనానికి పిలిచింది. లేవలేదు. కంచం అక్కడికే తెచ్చి, ఆ పూట అన్నం తనే కలిపి నోట్లో పెట్టింది. నాకు చేతులు ఖాళీ లేవు.